ఆశ్రమం గడపకే వచ్చే పళ్ల డాక్టర్లు: నాలుగు విజిట్లు చూశాక

నెల్లూరు నుంచి బయల్దేరి కావలి, ఉలవపాడు, సింగరాయకొండ దారిలోని వృద్ధాశ్రమాలకు నెలకోసారి వెళ్లి పెద్దవాళ్ల పళ్లు చూసే ఒక డాక్టర్ల బృందం మీద ఈ రివ్యూ. ముప్పై మంది దాకా ఉన్న ఒక ఆశ్రమంలో వరసగా నాలుగు విజిట్లు గమనించి రాసింది. బృందం పేరు రాయడం లేదు. ఇలాంటి సేవను పిలవాలా వద్దా, పిలిస్తే ఏం అడగాలి అని ఆలోచించే ఆశ్రమం వాళ్లకు, అమ్మనో నాన్ననో అక్కడ ఉంచిన పిల్లలకు పనికొచ్చే సంగతులే ఇందులో ఉన్నాయి. ముందే చెప్పేస్తున్నాం: పిలవండి. కాకపోతే వాళ్లొచ్చిన ఒక్క రోజులో నోళ్లు బాగుపడవు. మిగతా ఇరవై తొమ్మిది రోజులు ఆయాల చేతుల్లో బ్రష్ ఆడితేనే పెట్టిన డబ్బుకు ఫలితం. ఈ బృందానికి ఆ సంగతి బాగా తెలుసు. మాకు నచ్చింది అదే.

మొదటి విజిట్‌లో ఒక్క పన్నూ పీకలేదు, పుచ్చుకు ఒక్క సిమెంటూ పెట్టలేదు. నోరు చూసి రాసుకోవడమే. మనిషికి పది నిమిషాల లెక్కన అయిదు గంటలు పట్టింది. క్యాంపులు చూసి అలవాటైనవాళ్లకు ఇది టైం దండగలా కనిపిస్తుంది గానీ అసలు పని ఇక్కడే ఉంది. ప్రతి ఒక్కరి మందుల చీటీ తెప్పించి, నాలుగు విషయాలు ఎర్ర ఇంకుతో రాశారు: రక్తం పలచబడే మాత్రలు, షుగరు, ఫిట్స్ మాత్రలు, ఎముకల ఇంజెక్షన్. చివరిది చాలామంది డాక్టర్లు అడగనే అడగరు. ఎముకలు గుల్లబారినవాళ్లకు ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ రోజూ మింగే మాత్ర కాదు కాబట్టి చీటీలో ఉండదు, పెద్దవాళ్లకు గుర్తుండదు. అది తీసుకున్నవాళ్లకు పన్ను పీకితే దవడ ఎముక మానకుండా బయటపడి, చచ్చుబడే ప్రమాదం ఉంది. అందుకే పిల్లలకు ఫోన్ చేసి మరీ అడిగారు. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, బీపీకి వాడే ఆమ్లోడిపిన్ కొందరిలో చిగుళ్లను ఉబ్బించి పళ్ల మీదికి పెంచుతాయి. అలాంటి చిగురు కనిపించినప్పుడు కోసేద్దామనలేదు. మాత్ర మార్చే వీలుందేమో అడగమని ఆ మందు రాసిన డాక్టరుకు చీటీ పంపారు. చిగురు ఉబ్బిన చోట పాచి పేరుకుంటే ఉబ్బు ఇంకా పెరుగుతుంది కనుక శుభ్రం మాత్రం అప్పుడే మొదలుపెట్టారు.

తెచ్చే సామాను గురించి. మడత కుర్చీ, తలకు కట్టుకునే లైటు, చక్రాల పెట్టెలో చిన్న కంప్రెసరు, ఉమ్ము లాగే సక్షన్, ఆటోక్లేవ్ చేసి (ఒత్తిడి ఆవిరిలో క్రిములు చంపి) సీలు వేసిన కవర్లలో పరికరాలు, ఒక ఐస్ పెట్టె. కవరు మీద రంగు మారే గీత ఉంటుంది. ఆవిరిలో పెట్టినట్టు అది మారి ఉందో లేదో చూసి, మీ ముందే చింపమని అడగండి. వీళ్లు అడగకుండానే చూపించారు. కంప్రెసరుకు పదిహేను ఆంపుల ప్లగ్గు కావాలి. చిన్న ప్లగ్గుకు అడాప్టరు తగిలిస్తే మోటారు ఎత్తుకునేటప్పుడు ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్చి) పడిపోతుంది. ఇళ్లలో వాడే ఇన్వర్టరు దాన్ని మోయలేదు. ఆ రోజు కరెంటు కోత ఉందేమో లైన్‌మన్‌ను ముందే కనుక్కోవడం మంచిది.

మడత కుర్చీని మాత్రం పెద్దగా వాడలేదు, అదే సరైన పని కూడా. ఆ ఆశ్రమంలో కనిగిరి, పొదిలి, ఉదయగిరి వైపు నుంచి వచ్చినవాళ్లు కొందరున్నారు. ఫ్లోరైడు నీళ్లు ఏళ్ల తరబడి తాగిన ఒళ్లు వాళ్లవి. మెడ, వెన్ను బిగుసుకుపోయి తల వెనక్కి వాలదు, భుజం లేవదు. అలాంటి మనిషిని కుర్చీలో పడుకోబెడితే మెడకు నరకం. వీళ్లు చక్రాల కుర్చీలోనే కూర్చోబెట్టి, వెనక దిండు ఆనించి, డాక్టరే పక్కన వంగి పని చేసుకున్నారు. మింగడం కష్టమైనవాళ్లను కూడా వెల్లకిలా పడుకోబెట్టలేదు. నోట్లో నీళ్లు, పాచి ఊపిరితిత్తుల్లోకి దిగితే నిమోనియా వస్తుందని, మంచం తల వైపు ఎత్తించి, గడ్డం కాస్త కిందికి వంచి చేశారు.

ఇక కట్టుడు పళ్లు. ఈ సేవ విలువ ఎక్కడ తెలిసిందంటే ఇక్కడే. ఒక పెద్దామె పైసెట్టు రెండేళ్లుగా రాత్రీ పగలూ నోట్లోనే ఉంది. తీస్తే పడిపోతుందని, పోతుందని భయం. డాక్టరు చూపుడువేలు బుగ్గ వైపు నుంచి పైకి పోనిచ్చి సెట్టు అంచు మీద కిందికి నొక్కగానే గాలి చొరబడి సెట్టు ఊడింది. దాని లోపలి వైపు తెల్లటి జిగురు పొర. అంగిలి మాత్రం ఎర్రగా కందిపోయి, ఆ ఎరుపు సరిగ్గా సెట్టు అంచు దగ్గర గీత గీసినట్టు ఆగిపోయింది. అది కాండిడా అనే బూజు వల్ల వచ్చే పూత. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ చెప్పరు. నోరు చేదుగా ఉందని, తిండి సయించడం లేదని మాత్రం అంటారు, వయసు మీద పడిందని మనం సరిపెట్టుకుంటాం. ఆవిడకు చెప్పింది ఇది: రాత్రి సెట్టు తీయాలి. రోజుకు రెండుసార్లు 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ మందులో పదిహేను నిమిషాలు నానబెట్టాలి. క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్ అంగిలికీ, సెట్టు లోపలికీ కూడా రాయాలి. నోటికి మాత్రమే రాసి సెట్టును వదిలేస్తే బూజు మళ్లీ అక్కణ్ణుంచే ఎక్కుతుంది. వచ్చే విజిట్‌కు ఎరుపు చాలా వరకు తగ్గింది.

సెట్టు కడగడం ఆయాలకు నేర్పిన తీరు బాగుంది. ముందు బేసిన్‌లో సగం నీళ్లు పోయాలి లేదా అడుగున మడత పెట్టిన తువ్వాలు పరవాలి. సెట్లు ఎక్కువగా విరిగేది నోట్లో కాదు, కడిగేటప్పుడు చేయి జారి సిమెంటు గచ్చు మీద పడి. పేస్టు వాడకూడదు, దాని గరుకుకు సెట్టు గీతలు పడి, ఆ గీతల్లో పాచి చేరుతుంది. గిన్నెల సబ్బు చుక్క, మెత్తటి బ్రష్ చాలు. మరిగే నీళ్లు పోస్తే వంకర పోతుంది, మళ్లీ నోటికి పట్టదు. బ్లీచింగ్ నీళ్లలో వేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. లోహపు కొక్కేలున్న సెట్టును అందులో వేస్తే తుప్పు పడుతుంది. రాత్రి మూతున్న డబ్బాలో చన్నీళ్లు పోసి ఉంచాలి, పొద్దున ఆ నీళ్లు పారబోయాలి. కాగితంలో చుట్టి దిండు కింద పెట్టొద్దు. పొద్దున పక్కలు దులిపేటప్పుడు చెత్తబుట్టలోకి పోయే సెట్లన్నీ ఆ దారినే పోతాయి.

పేరు రాసే పద్ధతి అందరూ నేర్చుకోదగ్గది. ఒకే ట్రేలో పదిమంది సెట్లు కడిగితే ఏది ఎవరిదో తేలదు. ఒకరిది ఇంకొకరికి పెడితే పుండ్లు పడతాయి. సెట్టు బుగ్గ వైపు వెనక అంచున చిన్న చోటు సన్నటి గరుకు కాగితంతో రుద్ది, ఆరాక పర్మనెంట్ మార్కరుతో పేరు, గది నంబరు రాసి, పైన పారదర్శకమైన అక్రిలిక్ పూత వేశారు. ఒక్కోదానికి పది నిమిషాలు పట్టలేదు. ఇంకేమీ చేయించుకోకపోయినా ఈ ఒక్క పనికి వీళ్లను పిలవొచ్చు.

సొంత పళ్లున్నవాళ్లకు ఆయాలు బ్రష్ చేసే పద్ధతి రెండో విజిట్‌లో చేయించి చూపించారు. ఎదురుగా నిలబడి బ్రష్ నోట్లో పెడితే మతిమరుపున్నవాళ్లు కొట్టడానికి వస్తున్నారనుకుని మూతి బిగిస్తారు. పక్కన కొంచెం వెనగ్గా నిలబడి, ఎడమ చేత్తో గడ్డం ఆనించి, ముందు బ్రష్ వాళ్ల చేతికే ఇచ్చి, ఆ చేతి మీద మన చెయ్యి వేసి నడపాలి. "తాతా, పళ్లు తోముకుందామా" అని చెప్పి, చూపించి, అప్పుడు మొదలుపెట్టాలి. చిన్న తల, మెత్తటి కుంచె. పేస్టు శనగ గింజంత. పెట్టె మీద ఫ్లోరైడు 1000 పీపీఎం అని ఉందో లేదో చూడాలి, లేని పేస్టులూ అమ్ముతున్నారు. కుంచె చిగురు అంచు మీద వాలుగా ఆనాలి. పెద్దవాళ్లలో చిగురు దిగి వేరు బయటపడి ఉంటుంది, పుచ్చేది అక్కడే. రెండో బ్రష్ పిడితో బుగ్గను పక్కకు పట్టుకోవాలి. పళ్ల మధ్య వేలు మాత్రం పెట్టకూడదు, కరుస్తారు. మింగలేనివాళ్ల చేత పుక్కిలి పట్టించొద్దు, తడి గాజుగుడ్డతో తుడిచెయ్యాలి. క్లోర్‌హెక్సిడిన్ వాడేవాళ్లకు పేస్టుకూ దానికీ అరగంట ఎడం ఉండాలి. పేస్టులోని నురుగు పదార్థం ఆ మందు పనిని చెడగొడుతుంది. చేతి పట్టు తగ్గినవాళ్లు ఎవరి పళ్లు వాళ్లే తోముకునేలా బ్రష్ పిడికి సైకిల్ హ్యాండిల్ రబ్బరు గొట్టం తొడిగారు. సైకిల్ షాపులో దొరికే వస్తువే. దాంతో కొందరు పెద్దాయనలు మళ్లీ తమ చేత్తో తోముకోవడం మొదలుపెట్టారు, వాళ్ల ముఖాలు చూడాలి అప్పుడు.

పుచ్చు పళ్లకు ఎక్కువగా డ్రిల్లు వాడలేదు. చేతి పరికరంతో మెత్తబడిన భాగం గోకి గ్లాస్ అయనోమర్ సిమెంటు నింపడం ఒక పద్ధతి, 38 శాతం సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ చుక్క రాయడం రెండోది. రెండో మందుకు సూది లేదు, శబ్దం లేదు. నిమిషం పాటు రాస్తే చాలాసార్లు పుచ్చు సాగడం ఆగుతుంది, ఆరు నెలలకోసారి మళ్లీ రాయాలి. పుచ్చిన చోటు నల్లగా మారిపోతుంది, ఇక పోదు. ముందు పళ్లకైతే ఆ సంగతి చెప్పి, ఒప్పుకున్నాకే రాశారు. కడపటి పళ్లకు ఎవరూ కాదనలేదు. చుక్క చీర మీద పడితే మరక వదలదు కాబట్టి ప్లాస్టిక్ ఏప్రన్ కట్టారు, పెదాలకు వాజలైన్ పూశారు. చిగురు పుండుగా ఉన్నవాళ్లకు, వెండి పడనివాళ్లకు ఇది రాయకూడదు. సిమెంటు సంగతికొస్తే మన ఎండలకు అది పలక మీదే గట్టిపడుతుంది. గట్టిపడుతున్నదాన్ని పంటిలో కూరితే అతుక్కోదు, నెల తిరక్కుండా ఊడుతుంది. ఐస్ పెట్టె తెచ్చింది దీనికే. గాజు పలకను కూడా చల్లబరిచి, తడి లేకుండా తుడిచి కలిపారు.

కనిగిరి వైపు వాళ్ల పిల్లలు అడిగిన ప్రశ్న న్యాయమైనదే: ఫ్లోరైడు నీళ్లతోనే ఇంత జరిగితే పళ్లకు మళ్లీ ఫ్లోరైడు వార్నిష్ (పుచ్చు రాకుండా పళ్ల మీద పూసే మందు) ఏమిటి? పంటి మీద వచ్చే ఫ్లోరైడు మచ్చలు చిన్నప్పుడు చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే పడతాయి, పెద్దయ్యాక పూసిన మందు వల్ల రావు. ఇక ఒంట్లోకి పోయే సంగతి. 5 శాతం వార్నిష్ పావు మిల్లీలీటరులో సుమారు 5.6 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉంటుంది. అది మూడు నెలలకోసారి. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు రెండు లీటర్లు తాగితే ఒక్క రోజులోనే 6 మిల్లీగ్రాములు పోతుంది. కాబట్టి భయపడాల్సింది తాగే నీళ్లకు. తాగునీటికి అనుమతించే పై హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఆశ్రమం బోరు నీళ్లు పరీక్ష చేయించారా అని అడగండి. కిడ్నీ జబ్బున్నవాళ్లకు మాత్రం వార్నిష్ కూడా వాళ్ల డాక్టరును అడిగి వేయించడం మేలు.

ఇప్పుడు లోపాలు.

మూడో విజిట్‌లో సాయంత్రం నాలుగింటికి ఒక పెద్దాయనకు కదిలే పన్ను తీశారు. రక్తం పలచబడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడే మనిషి. మాత్రలు ఆపమని చెప్పకపోవడం సరైనదే, ఒక పన్ను కోసం వాటిని ఆపితే గుండెకు, మెదడుకు వచ్చే ప్రమాదం ఎక్కువ. ఆపనప్పుడు గుంటలో జెలటిన్ స్పాంజి పెట్టి, కుట్టు వేసి, గాజుగుడ్డ అరగంట గట్టిగా కరిపించి, రక్తం నిలిచిందని చూసి కదలాలి. వీళ్లు కుట్టు వెయ్యలేదు, తొందరగా వెళ్లిపోయారు. రాత్రి తొమ్మిదింటికి దిండు ఎర్రబడింది. డాక్టరు ఫోన్ ఎత్తి, తడి గాజుగుడ్డ మడిచి గుంట మీద పెట్టి అరగంట తీయకుండా కరిపించమని చెప్పాక ఆగింది. ఊరికే తీసి తీసి చూడటం వల్లే అప్పటిదాకా గుంటలో రక్తపు గడ్డ నిలవలేదు. నాలుగో విజిట్ నుంచి పళ్లు తీయడం పొద్దున పదకొండు లోపే పెట్టుకుని, రెండు గంటలు కళ్ల ముందు ఉంచుకుంటున్నారు. మీరు పిలిచే బృందంతో ఈ మాట ముందే ఒప్పించుకోండి. రక్తం పలచబడే మాత్రల్లో వార్ఫరిన్ వాడేవాళ్లకు ముందు రోజు చేయించిన ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూపే పరీక్ష) రిపోర్టు ఉండాలి. బీపీ 180/110 మీద ఉంటే ఆ రోజు వాయిదా వెయ్యాలి. షుగరువాళ్లు టిఫిను తిని, మాత్ర వేసుకునే కూర్చోవాలి, పరగడుపున కాదు.

మత్తు సూది దగ్గర మాత్రం జాగ్రత్తగానే ఉన్నారు. మన దగ్గర ఎక్కువగా దొరికే 30 మిల్లీలీటర్ల లిగ్నోకెయిన్ సీసాలో అడ్రినలిన్ 1:80,000 పాళ్లలో ఉంటుంది, అంటే మిల్లీలీటరుకు 12.5 మైక్రోగ్రాములు. గుండె జబ్బున్నవాళ్లకు 40 మైక్రోగ్రాములు దాటకూడదు కనుక మూడు మిల్లీలీటర్ల దగ్గర ఆపారు. ఒకే సీసా నుంచి పలువురికి తీస్తారు కాబట్టి ప్రతిసారీ కొత్త సిరంజి, కొత్త సూదే సీసాలోకి దిగాలి. అదీ పాటించారు.

రెండో లోపం చీటీలది. పన్ను తీసిన అందరికీ అలవాటుగా అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ మందులు రాసేశారు. వాళ్లలో ఒకరు వార్ఫరిన్ మీద ఉన్నారు. మెట్రోనిడజోల్ తోడైతే వార్ఫరిన్ బలం పెరిగి రక్తం ఆగదు. ఆశ్రమం నర్సు పట్టుకుంది కాబట్టి సరిపోయింది. నోటి బూజుకు వాడే మికోనజోల్ జెల్, ఫ్లూకోనజోల్ మాత్ర కూడా వార్ఫరిన్‌తో ఇంతే. అలాంటివాళ్లకు నొప్పికి డైక్లోఫెనాక్ వద్దు, పారాసెటమాల్ చాలు. ఎర్ర ఇంకుతో అంత శ్రద్ధగా రాసుకున్న కాగితం మందులు రాసేటప్పుడు బల్ల మీద లేకపోవడమే ఈ పొరపాటుకు కారణం. ఆ రికార్డు అంతా వాళ్ల బ్యాగులోనే వెళ్లిపోతోంది. ఒక కాపీ ఆశ్రమంలో ఉంచాలని అడిగితే ఒప్పుకున్నారు.

మూడోది కొత్త సెట్ల సంగతి. దీని మీద మాకు ఇంకా పూర్తి నమ్మకం కుదరలేదు. పూర్తి సెట్టుకు అచ్చు, రెండో అచ్చు, దవడల ఎత్తు కొలత, మైనం మీద పళ్లు పెట్టి చూడటం, అమర్చడం అని అయిదు దఫాలుంటాయి. నెలకోసారి వచ్చేవాళ్లతో అయిదు నెలలు పడుతుంది. ఆల్జినేట్ అనే మెత్తటి పదార్థంతో అచ్చు తీశాక కొద్ది నిమిషాల్లోనే ప్లాస్టరు పొయ్యాలి, ఆలస్యమైతే నీరు ఆరి కుంచించుకుపోతుంది. తొలి అచ్చును తడిగుడ్డలో చుట్టి నెల్లూరు దాకా తీసుకెళ్లారు. దాని మీద తయారైన, రెండో అచ్చుకు వాడే ట్రే సరిపోక మొత్తం మళ్లీ మొదలుపెట్టాల్సొచ్చింది. ఇప్పుడు ఆశ్రమం వంటింటి గట్టు మీదే ప్లాస్టరు పోస్తున్నారు. మైనం కొలతను ఎండలో కారులో పెడితే ఒంగిపోతుంది, దాన్ని కూడా ఐస్ పెట్టెలో పెట్టమని చెప్పాల్సింది మనం కాదు. కింది దవడ ఎముక బాగా అరిగిపోయినవాళ్లకు ఎంత మంచి సెట్టైనా కొంత కదులుతుందని ముందే చెప్పిన నిజాయితీ మాత్రం ఉంది. అమర్చాక రెండు మూడు రోజుల్లో ఎక్కడ ఒరుసుకుంటోందో చూసి సరిచెయ్యాలి. నెల తర్వాత వస్తామంటే ఆ పుండుతో చేపల పులుసన్నం కూడా తినలేక సెట్టు డబ్బాలోనే ఉండిపోతుంది. ఈ రెండో రాక లేకుండా సెట్టుకు డబ్బులు కట్టొద్దు.

పొగాకు నమిలే అలవాటున్న ఇద్దరి బుగ్గలో తెల్ల మచ్చలు చూసి, ముక్క తీసి చేసే పరీక్షకు (బయాప్సీ) నెల్లూరు చింతారెడ్డిపాళెంలోని నారాయణ డెంటల్ కాలేజీకి రాసిచ్చారు. పొగాకు పండే జిల్లాలివి, కొందరికి బుగ్గలో కాడ ఉంటే గానీ తోచదు. రెండు వారాలు దాటినా మానని పుండు, గీకినా పోని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ ఏది కనిపించినా విజిట్ కోసం ఆగకుండా పంపాలి. రూట్ కెనాల్, ఎక్స్‌రే కూడా ఆశ్రమంలో అయ్యేవి కావు.

వైద్యానికి ఒప్పుకున్నట్టు తీసుకునే సంతకాల దగ్గర ఇంకొంచెం పట్టుదల ఉండాల్సింది. తెలివిలో ఉన్న మనిషికి ఆయన భాషలో చెప్పి ఆయన వేలిముద్రే తీసుకోవాలి. మేనేజరు అందరి తరఫునా ఒకే కాగితం మీద పెట్టే సంతకం ఒప్పుదల కాదు. చెత్త విషయంలో తప్పు పట్టడానికి లేదు. సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలో, రక్తపు దూది పసుపు సంచిలో, గ్లౌజులు, గొట్టాలు ఎర్ర సంచిలో వేసుకుని వాళ్లే తీసుకెళ్లారు. ఒక్క దూది కూడా ఆశ్రమం చెత్తబుట్టలో పడలేదు.

పిలిచే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి: ప్రతి ఒక్కరి మందుల చీటీ కాపీ, పిల్లల ఫోన్ నంబర్లు, మంచి వెలుతురున్న గది, పక్కనే కుళాయి, పదిహేను ఆంపుల ప్లగ్గు, ఒక్కొక్కరికి పేరు రాసిన బ్రష్, మూత డబ్బా. విజిట్ ఛార్జీ ఎంత, పన్నుకు ఎంత, సెట్టుకు ఎంత, ఊడిన సిమెంటు మళ్లీ పెడితే తీసుకుంటారా అన్నది కాగితం మీద రాయించుకోండి. డాక్టర్ల డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఆ కాగితం మీదే ఉండాలి. మతిమరుపున్నవాళ్లను పొద్దుటి పూటే ముందు చూపించండి. సాయంత్రమయ్యే కొద్దీ వాళ్లకు కలవరం పెరుగుతుంది, అప్పుడు ఏ డాక్టరు చేతికీ నోరు తెరవరు.